రూబెన్ గొంతు

ఆళ్లగడ్డలో రూబెన్ గొంతు ఎరగని మనిషి లేడు. మొహం మాత్రం చాలామందికి తెలియదు. పాత ఆటో మీద రెండు మైకు గొట్టాలు కట్టుకుని వీధి వీధీ తిరుగుతుంటాడు. కరెంటు ఎప్పుడు పోతుందో, నీళ్లు ఎప్పుడు వస్తాయో, ఏ ఇంట్లో ఎవరు ప్రభువునందు నిద్రించారో, ఎవరి పిల్లవాడు తప్పిపోయాడో, అన్నీ ఆ గొంతే చెబుతుంది. చీరల మీద సగానికి సగం తగ్గింపు అని చెప్పేదీ ఆ గొంతే. చావుకీ చీరకీ మధ్య ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగుతాడు, అంతే.

మా సినిమా గురించి ఊరికి చెప్పమని నేను పిలిచింది అతన్నే. వేరే దిక్కు లేదు. కరపత్రాలు పంచితే బజ్జీలు చుట్టుకోవడానికి పనికొస్తాయి. ఫోన్లలో పంపితే పొద్దుటి శుభోదయాల కింద ఎక్కడో పడిపోతాయి. మైకు ఒక్కటే, వినేవాడు వద్దన్నా చెవిలోకి వెళ్లేది.

నా పేరు జీవన్ కుమార్. నంద్యాలలో ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. చరిత్ర చెప్పగా మిగిలిన కాలమంతా పౌరహక్కుల పని. పని అంటే ఏం పని అని మా ఆవిడ లూదియా అడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఎవరినో పట్టుకుపోయారంటే వెళ్లి అడగడం, అడిగినందుకు తిట్లు తినడం, తిన్న తిట్ల గురించి ప్రెస్‌మీట్ పెట్టడం, దానికి విలేకరులు రాకపోవడం. మొదట్లో కోపం బాగా ఉండేది. ఇప్పుడు మోకాళ్ల నొప్పి ఉంది. కోపం పూర్తిగా పోలేదు గానీ, బస్సెక్కేటప్పుడు ఆ రెండిట్లో మోకాళ్లే ముందు గుర్తొస్తాయి.

ఒకప్పుడు నంద్యాలలో మాకు ఫిల్మ్ సొసైటీ ఉండేది. రీళ్ల డబ్బాలు బస్సు మీద తెప్పించి, గోడకు తెల్ల దుప్పటి కట్టి, ఏవో దేశాల సినిమాలు వేసేవాళ్లం. అర్థమైనా కాకపోయినా జనం కూర్చునేవాళ్లు. అయ్యాక టీకొట్టు దగ్గర పోట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు రాజకీయ సినిమా అంటే ఎన్నికల ముందు వచ్చేది. ఒక నాయకుడు కండువా గాలికి ఎగరేసుకుంటూ నడుస్తాడు. పోటీ పార్టీవాళ్లు వాళ్ల నాయకుణ్ని ఇంకొంచెం నెమ్మదిగా నడిపిస్తారు. దానికి టికెట్టు కొని ఈలలు వేసినవాడే, బయటికొచ్చి రోడ్డు మీద గుంట గురించి అడగమంటే మనకెందుకులే సార్ అంటాడు. ఇదివరకు నవ్వొచ్చేది. ఇప్పుడు దానికీ ఓపిక లేదు.

మా సినిమా హరీష్ గురించి. రంగనాయకమ్మ ఒక్కగానొక్క కొడుకు హరీష్. ఆళ్లగడ్డ మెయిన్ రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టులో పనిచేసేవాడు. రెండేళ్ల కిందట శ్రావణంలో ఆ కొట్టుకు ఎదురుగా పెద్ద బట్టల మాల్ తెరిచారు. పేరు చెప్పను. ఊరికే ప్రచారం చేసిపెట్టడానికి నేనేమీ రూబెన్‌ని కాను. సినిమా తార వస్తుందనీ, ముందొచ్చిన ఆడవాళ్లకు రూపాయికే చీర అనీ చెప్పారు. పల్లెల నుంచి ట్రాక్టర్లలో దిగారు జనం. తలుపులు తీయగానే తోపులాట. మాల్ వాళ్లు తెచ్చిపెట్టుకున్న నల్ల చొక్కాల బౌన్సర్లు ఆడవాళ్లని చూడకుండా కర్రలు ఆడించారు. హరీష్ అదంతా ఫోన్లో తీశాడు.

సాయంత్రానికి మాల్ వెనక సందులో శవమై దొరికాడు. ఫోను దొరకలేదు. తొక్కిసలాటలో పోయాడని కాగితాల్లో రాశారు. తొక్కిసలాట జరిగింది ముందు గుమ్మంలో, శవం దొరికింది వెనక సందులో. నలిగిపోయినవాడు లేచి, భవనం చుట్టూ తిరిగి వెళ్లి పడుకున్నాడని అనుకోవాలి మనం.

ఊరంతటికీ తెలుసు. ఎవరూ నోరు విప్పరు. నిజానికి ఆ ఊరిని తిట్టడానికి కూడా నాకు నోరు రాదు. వీధికొక ఆడపిల్ల ఆ మాల్లో పొద్దంతా నిలబడి చీరలు విప్పి చూపిస్తోంది. ఆ జీతం మీద ఇల్లు గడుస్తోంది. కొనడానికి పోయేవాళ్ల సంగతి ఇంకోటి. మిరప చేలో కూలికి పోయివచ్చిన మనిషి ఆ అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోతే చల్లగా ఉంటుంది, ఎవరో ఒక పిల్ల "రండమ్మా, కూర్చోండమ్మా" అంటుంది. ఆమెను రండమ్మా అని పిలిచే చోటు మన దేశంలో ఇంకోటి చెప్పండి చూద్దాం. ఆఫీసుల్లో నిలబెడతారు, ఆస్పత్రుల్లో కసురుకుంటారు. మర్యాద కూడా కొనుక్కునే సరుకైపోయాక, అది దొరికే కొట్టు మీద కేసు పెడతానంటే నా వెంట ఎవరొస్తారు?

కేసు నంద్యాల కోర్టులో ఉంది. కళ్లారా చూసిన సాక్షి ఒక్కడైనా లేకపోతే వచ్చే వాయిదాకు మూసేస్తారని మా లాయరు తేల్చి చెప్పాడు. ఆ వాయిదా వచ్చే వారమే. అందుకే ఈ సినిమా. ఫెబా తీసింది. నా దగ్గర చదువుకున్న పిల్ల. పెళ్లిళ్ల వీడియోలు తీసి బతుకుతూ, ఆ కెమెరాతోనే ఏడాదిపాటు ఆళ్లగడ్డ చుట్టూ తిరిగింది. హరీష్ మొహాన్ని తెర మీద అంత పెద్దగా చూస్తే, ఆ రోజు చూసినవాడు ఎవడో ఒకడు లేచి నిలబడకపోతాడా అని రంగనాయకమ్మ ఆశ. ఆమెకు ఇంక వేరే ఆశ లేదు.

హాలు కోసం ఊరంతా తిరిగాం. సినిమా పేరు చెప్పగానే అందరికీ ఏదో పెళ్లి గుర్తొచ్చేది. చివరికి ఆషాఢం ఆదుకుంది. పెళ్లిళ్లు లేని నెల, ఫంక్షన్ హాళ్లలో పావురాలు తప్ప ఎవరూ ఉండరు. ఒకాయన ఆదివారం మధ్యాహ్నానికి ఇస్తానన్నాడు, బోర్డు మాత్రం పెట్టొద్దన్నాడు. ఆషాఢం మాల్‌ని కూడా ఆదుకుంటుందనేది నేను మర్చిపోయాను. ఆషాఢం అంటే తగ్గింపుల నెల. రూబెన్ అప్పటికే వాళ్లకు తిరుగుతున్నాడు.

"పొద్దున వాండ్లది చెప్తా, మధ్యాన్నం మీది చెప్తా సార్," అన్నాడు. "నా బండికి రెండూ ఒకటే."

మైకుకు అనుమతి తెచ్చాను. సాయంత్రం ఐదు దాకా, ఉద్రేకపరిచే మాటలు లేకుండా. నా జీవితంలో అనుమతి లేకుండా మైకు పట్టుకున్న రోజు లేదు. చట్టం మనవైపు ఉండాలంటే ముందు మనం చట్టంవైపు ఉండాలని కుర్రవాళ్లకు చెబుతూ వచ్చాను. వాళ్లు ఆవలింత ఆపుకుంటూ వినేవాళ్లు.

ఆదివారం చర్చి అయ్యాక ఫెబా, నేను ప్రొజెక్టరు పెట్టె ఒళ్లో పెట్టుకుని నంద్యాలలో బస్సెక్కాం. సిరివెళ్ల దాటాక ఫెబా నిద్రపోయింది. నేను కిటికీలోంచి హోర్డింగులు చూస్తూ కూర్చున్నాను. ఇదివరకు ఈ దారిలో విత్తనాల ప్రకటనలు ఉండేవి. ఇప్పుడు అన్నీ చీరలు, బంగారం, కార్పొరేట్ కాలేజీలు. నన్ను నేను మినహాయించుకోవడం లేదు. నా ఒంటి మీద చొక్కా కూడా ఆ మాల్ నంద్యాల శాఖదే. ఒకటి కొంటే ఒకటి ఉచితమని లూదియా తెచ్చింది. ఉచితంగా వచ్చినదాన్నే వేసుకొచ్చాను, అదో తృప్తి.

ఆళ్లగడ్డలో ఆటో దిగి చూసేసరికి హాలు ముందు చెప్పులు పరుచుకుని ఉన్నాయి. లోపల కుర్చీలు నిండిపోయి గోడల వెంబడి నిలబడ్డారు. ఎక్కువ మంది ఆడవాళ్లే, చంకన పిల్లలతో. నా ముప్పై ఏళ్ల పనిలో ఏ సభకూ ఇంత జనం రాలేదు. ఫెబా నా చెయ్యి పట్టుకుంది. రంగనాయకమ్మ ముందు వరసలో కూర్చుని వెనక్కి తిరిగి ఆ జనాన్నే చూస్తోంది. రెండేళ్లుగా ఆమె మొహంలో అలాంటి వెలుగు చూడలేదు. ఊరుకోండి, ఊళ్లు అంత తేలిగ్గా చావవు అనుకున్నాను.

అప్పుడొక ఆమె నా దగ్గరికొచ్చింది. "సార్, కూపన్లు యాడ ఇస్తాండారు?"

"ఏం కూపన్లమ్మా?"

"డ్రా కూపన్లు. సినిమా అయినాక లక్కీ డ్రా తీస్తారని మైకులో చెప్పిరి గదా. ఫస్టు ప్రైజు ఫ్రిజ్జంట."

హాలు పక్కన ఆటో దగ్గర రూబెన్ వైర్లు సర్దుతున్నాడు. పొట్టిగా, తల వంచుకునే అలవాటున్న మనిషి. అంత గొంతు ఆ ఒంట్లో ఎక్కడ దాచుకుంటాడో అనిపిస్తుంది.

"రూబెన్, ఏమిటయ్యా ఇది? డ్రా అని చెప్పావా?"

"జనం రావల్ల అంటిరి గదా సార్. వచ్చినారు."

"అబద్ధం చెప్పమన్నానా?"

"రెండు దినాలు మీరు రాసిచ్చినట్లే చెప్పినా సార్. ఒక్కరు గూడ తల తిప్పలే. నిన్న సాయంత్రం డ్రా అని చెప్పినా. చూడండి మల్ల." నా వైపు చూడకుండా వైరు చుడుతూనే ఉన్నాడు. "బేగా మొదలుపెట్టీండి సార్. అయినాక నాకొక్క నిమిషం మైకీండి. రెండు మాటలు చెప్తా."

నాకు ఒళ్లు మండింది. "నువ్వు చెప్పింది చాలు. ఇంక ఈ సభలో మైకు ముట్టుకోవద్దు."

అతను వైరు చుట్ట కింద పెట్టి, మళ్లీ తీసి చుట్టడం మొదలుపెట్టాడు.

లోపలికొచ్చి ఫెబాకు, రంగనాయకమ్మకు చెప్పాను. జనానికి నిజం చెప్పేద్దాం అన్నాను. ఫెబా అడ్డుపడింది.

"సినిమా అయ్యాక చెబుదాం సార్. ముందు చూడనివ్వండి."

"మోసం చేసి కూర్చోబెట్టాక మనకీ ఆ మాల్‌కీ తేడా ఏముందమ్మా?"

రంగనాయకమ్మ లేచి నిలబడింది. ఆమె నాతో ఎప్పుడూ వాదించలేదు. నేనేం చెబితే దానికి తలూపేది. "సార్, అబద్ధమో నిజమో, ఉండనీ సార్. ఇంతమంది వాని మొగం చూడనీ. వీండ్లల్లో ఎవురో ఒకరు ఉంటారు. మీకు దండం పెడ్తా."

నిజంగానే చేతులు జోడించింది. నేను ఆ చేతులు కిందికి దించి, స్టేజీ ఎక్కాను.

ఎందుకెక్కానంటే, ఇంకోలా చెయ్యడం నాకు రాదు. జనాన్ని ఎర చూపి తోలుకొచ్చి కూర్చోబెట్టడమే ఈ కాలపు రోగమని ఎన్ని సభల్లో చెప్పాను! బిర్యానీ పొట్లాలకు వచ్చిన జనాన్ని చూపించి ప్రజాబలం అనుకునే నాయకుల్ని ఎన్నిసార్లు వెక్కిరించాను! జనానికి తెలుసుకునే హక్కు మా సభలో కూడా ఉంటుంది కదా. మైకు తీసుకుని చెప్పాను. ఇక్కడ డ్రా లేదు. కూపన్లు లేవు. పొరపాటుగా ప్రచారమైంది, క్షమించండి. ఇది హరీష్ అనే కుర్రవాడి చావు గురించిన సినిమా. ఇష్టమున్నవాళ్లు ఉండండి, బలవంతం లేదు.

ఒక్క క్షణం ఎవరూ కదలలేదు. ఉంటారేమో అనిపించింది. ఆ తర్వాత వెనక ఎక్కడో ఒక కుర్చీ చప్పుడైంది. ఇంకోటి. ఇంక వాన మొదలైనట్టే.

"ముందే చెప్పల్ల గదప్పా! బువ్వ గూడ తినకుండ వస్తిమి," అని ఒకాయన నా మొహం మీదే అన్నాడు.

"మాల్లో ఇంగా టైముంది పాండి," అని ఎవరో అంటే, ఆడవాళ్లు చెప్పులు వెతుక్కుంటూ నవ్వుకున్నారు. హరీష్ పేరు విన్నాక కొందరు తల వంచుకుని వెళ్లారు. వాళ్లనీ చూశాను. ఫ్రిజ్జు కోసం వచ్చినవాళ్లు తిట్టుకుంటూ పోయారు, వీళ్లు మాట్లాడకుండా పోయారు.

మిగిలింది మా పౌరహక్కుల సంఘం ముసలివాళ్లు, ఎండ తగ్గాక పోదాంలే అని ఫ్యాను కింద కూర్చున్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, కుర్చీల్లో నిద్రపోయిన పిల్లలు. తలుపులు మూసి సినిమా వేశాం.

మంచి సినిమా. నా శిష్యురాలని చెప్పడం లేదు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు అందులో. హరీష్ స్నేహితుడు ఎప్పుడో సరదాగా తీసిన ముక్కలో హరీష్ చేతులు ఫోను మరలు విప్పుతుంటాయి. మాల్లో పనిచేసే పిల్లలు పని అయ్యాక రోడ్డు పక్క అరుగు మీద కూర్చుని పాదాలు పట్టుకుంటారు, మొహాలు కనపడవు. రంగనాయకమ్మ కొడుకు తినే కంచం గురించి చెబుతుంది, చావు గురించి ఒక్క మాట అనదు. చివర్లో ఆ వెనక సందు. అక్కడ ఏమీ జరగదు. అట్టపెట్టెలు, ఒక కుక్క, గోడ. దూరంగా మెయిన్ రోడ్డు మీద రూబెన్ మైకు తగ్గింపుల గురించి చెబుతూ పోతుంటుంది. ఆ గొంతు వినపడగానే తలుపు దగ్గర నిలబడి చూస్తున్న రూబెన్ బయటికి వెళ్లిపోయాడు.

దీపాలు వేశాం. ముసలివాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరైనా మాట్లాడతారా అని అడిగాను. ఎవరూ లేవలేదు. ఫ్యాను కింది ఆమె కళ్లు తుడుచుకుని, పిల్లను భుజాన వేసుకుని వెళ్లిపోయింది. రంగనాయకమ్మ సినిమా సాగినంత సేపూ తెర వైపు చూసింది తక్కువ, వెనక ఖాళీ కుర్చీల వైపు చూసింది ఎక్కువ. నా పక్కగా పోతూ ఆగింది.

"నిజం బాగ చెప్పినారు సార్," అంది.

ఎంతమంది ఎన్ని తిట్లు తిట్టారో నన్ను. ఇలా ఏదీ తగల్లేదు. అలసట అంటే ఒళ్లు అలిసిపోవడం అనుకునేవాణ్ని. ఆ కుర్చీల మధ్య నిలబడితే, నేను నమ్ముకున్నవన్నీ కూడా అలిసిపోయి కూలబడ్డట్టు అనిపించింది. బయటికొచ్చాను. రూబెన్ ఆటో వెనక చక్రం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"ఎందుకు చెప్పినారు సార్?" అన్నాడు.

"అబద్ధం రూబెన్ అది. అబద్ధం మీద..."

"నేను చెప్దామనుకుంటి సార్. అయినాక రెండు మాటలు చెప్తా అంటిని గదా."

"ఏం చెబుదామని?"

అతను రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. గొంతు ఎంత తగ్గించాడంటే నేను వంగి వినాల్సి వచ్చింది. "ఆ పొద్దు నా బండి ఆ సందులోనే ఉండె సార్. జనం ఎక్కువున్నారు, ముందర అడ్డమని ఆడ పెట్టుకోమనిరి. ఆడనుంచే చెప్తాంటి. ఆ పిలగాన్ని వెనక తలుపులోంచి ఈడ్చుకొచ్చినారు. నలుగురు. వాండ్ల మొగాలు నాకు గుర్తే, ఇప్పటికీ ఇద్దరు ఆడనే పని చేస్తాండారు. వాడు అరుస్తాండాడు. ఒకడు నా తావుకొచ్చి సౌండు పెంచు అన్న్యాడు."

"నువ్వేం చేశావు?"

"పెంచినా."

నేను ఆటో మీది మైకు గొట్టాల వైపు చూశాను.

"మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు? ఎన్నిసార్లు నీ ఆటోలో తిరిగాను!"

"మీకు చెప్పింటే ఏం చేస్తాంటిరి సార్? కాగితం మీద నా పేరు రాస్తాంటిరి. ఒక్కని పేరు. ఆ పిలగాడు గూడ ఒక్కడే గదా సార్ ఉండింది ఆడ." తలెత్తి మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "ఊరంతా ముందర కూసోని ఉండంగ చెప్తే ఎవురూ ఏం చేయలేరని అనుకుంటి. అంతమంది ఇన్న మాటను ఎవురు మింగుతారు? జనాన్ని నేను తెస్తి. మీరు పంపిస్తిరి."

అతను ఎంత అబద్ధమాడి ఎంత నిజానికి చోటు చేశాడో, నేను ఎంత నిజం చెప్పి దాన్ని ఎలా ఊడ్చేశానో, అది ఆలోచించడానికి కూడా భయమేసింది. మైకు ముట్టుకోవద్దన్నాను. పౌరహక్కుల మనిషిని, ఒక మనిషి నోరు తెరుస్తానంటే వద్దన్నాను.

"వాయిదా రోజు కోర్టుకు రా," అన్నాను. అర్జీ పెట్టుకున్నట్టు ఉంది నా గొంతు. "నేను ఉంటాను, లాయరుంటాడు..."

"ఒక్కన్ని యాడ వస్తా సార్. నాకూ ఇద్దరు ఆడపిల్లలు." తల అడ్డంగా ఊపాడు. "ఈ పొద్దు దైర్యం వచ్చిండె. పాయె."

అప్పుడు చూశాను, రంగనాయకమ్మ హాలు మెట్టు మీద నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. ఆమె వెనక ఫెబా ఉంది. రంగనాయకమ్మ మెట్లు దిగి వచ్చి రూబెన్ ముందు నిలబడింది. కొడుతుందనుకున్నాను. రూబెన్ కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, మొహం తప్పించుకోకుండా పైకెత్తాడు.

"వాడు ఏమని అరుస్తాండె నాయనా?" అని అడిగింది.

రూబెన్ మొహం దించుకున్నాడు.

"చెప్పు. నన్నేమన్నా పిలిచినాడా?"

"సౌండు పెంచిన్నా గదమ్మా," అన్నాడు రూబెన్. "ఇనపళ్లే."

అని, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. ఊరందరి చావులూ వణకకుండా చెప్పిన గొంతు, చిన్నపిల్లవాడిలా వెక్కింది. రంగనాయకమ్మ ఏడవలేదు. ఆటో కమ్మీ పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. కొడుకు ఆఖరి మాట ఏమిటో తెలిసిన ఒకే ఒక్క మనిషి కోసం రెండేళ్లు వెతికింది. దొరికాడు. అతనికీ తెలియదు.

తర్వాత ఆమె ఆటో ఎక్కి, డ్రైవరు సీటు వెనక కూర్చుంది.

"పా నాయనా," అంది.

"యాడికమ్మా?"

"ఈడ జనం లేరు గదా. జనం ఉండేకాడికి పోదాం."

రూబెన్ నా వైపు చూశాడు. నేను గడియారం చూసుకున్నాను. అలవాటు. ఐదు దాటిపోయింది. "మైకుకు అనుమతి లేదు ఇప్పుడు," అన్నాను. అనగానే సిగ్గేసింది.

"మీరు రావద్దులే సార్," అంది రంగనాయకమ్మ. మెత్తగానే అంది. "మీకు ఇబ్బంది."

రూబెన్ చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. లేచాడు. తన సీట్లో కూర్చుని తాళంచెవి తిప్పాడు. ఫెబా కెమెరా తీసుకుని అతని పక్కన ఇరుక్కుని కూర్చుంది. నేను మోకాలు పట్టుకుని వెనక ఎక్కాను. నన్ను ఎవరూ రమ్మనలేదు, దిగమనీ అనలేదు.

మెయిన్ రోడ్డుకు వచ్చేసరికి ఎండ తగ్గి జనం కిక్కిరిసి ఉన్నారు. ఆషాఢం ఆఖరి ఆదివారం. మాల్ ముందు బండ్లు అడ్డదిడ్డంగా నిలిపి ఉన్నాయి. హాల్లోంచి లేచి వచ్చినవాళ్లలో చాలామంది అక్కడే ఉన్నారు, చేతుల్లో సంచులతో, ఐస్‌క్రీములు తినే పిల్లలతో. రూబెన్ ఆటోను నడిచే వేగానికి తగ్గించాడు. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. పెట్టుకుని, ఏమీ అనకుండా మాల్ దాటి ముందుకు పోయాడు. టీకొట్టు దాకా పోయి ఆపాడు. మైకు ఒళ్లోకి దించుకున్నాడు. ఇంటికి పోదాంలే రూబెన్ అని నా నోటి చివరిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది.

రంగనాయకమ్మ అతని వీపు మీద చెయ్యి వేసింది.

రూబెన్ ఆటో వెనక్కి తిప్పాడు.

"ఆళ్లగడ్డ పట్టణ ప్రజలకు విజ్ఞప్తి," అన్నాడు మైకులో. ఎప్పటి ఊపే. ఎవరూ తలెత్తలేదు. చీరల సంగతే అనుకుని ఉంటారు. "నా పేరు రూబెన్. ఇన్నాళ్లు నా గొంతు ఇన్న్యారు, నా పేరు ఎప్పుడూ చెప్పలే. ఈ మాల్ తెరిచిన పొద్దు, రంగనాయకమ్మ కొడుకు హరీష్‌ను ఈ వెనక సందులో నలుగురు కొట్టి సంపినారు. నేను చూసినా. తొక్కిసలాట కాదు. నేను చూసినా."

రోడ్డు మీద మాటలు ఆగిపోయాయి. బండి స్టార్టు చేయబోయినవాడు చెయ్యి తీసేశాడు. మాల్ అద్దాల వెనక చీరలు పట్టుకుని నిలబడ్డ ఆడపిల్లలు బయటికి చూస్తున్నారు. రూబెన్ ఆగకుండా చెప్పుకుపోయాడు, సౌండు పెంచమన్న సంగతి, పెంచిన సంగతి, అప్పుడు తాను రూపాయికే చీర అని చెబుతూ ఉన్న సంగతి. నేనెప్పుడూ ఏ సభలోనూ అంత సూటిగా మాట్లాడలేదు. భయంతో నా చొక్కా వీపుకు అంటుకుపోయింది.

చెప్పడం అయిపోయింది. ఎవరూ మా దగ్గరికి రాలేదు, ఎవరూ వెళ్లిపోనూ లేదు. మాల్ గేటు దగ్గర నల్ల చొక్కాలవాళ్లు ఇద్దరు మెట్లు దిగి, జనాన్ని తప్పించుకుంటూ మా వైపు నడవడం మొదలుపెట్టారు.

రూబెన్ వాళ్లను చూశాడు. ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగాడు. మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు.